పునరుత్పత్తి మార్గంలోని బాక్టీరియా - సంతాన సాఫల్య చికిత్స: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

స్త్రీ పునరుత్పత్తి మార్గంలోని బాక్టీరియాకూ సంతానలేమికీ సంబంధం ఉందన్న ఆలోచన 1872 నుంచి నేటి వరకు అనేక రూపాలు ధరించింది. తొలుత బాక్టీరియా అండవాహికలను మూసివేసే శత్రువుగా కనిపించింది. తరువాత యోనిని కాపాడే రక్షకురాలిగా గుర్తింపు పొందింది. ఐ.వి.ఎఫ్. చికిత్స వచ్చాక పిండ బదిలీకి అడ్డుపడే మాలిన్యమైంది. జన్యుపఠన యుగంలో చికిత్సా ఫలితాన్ని ముందే చెప్పగల సూచికగా భావించబడుతోంది. ఈ దశలను కాలక్రమంలో పరిశీలించి, బాక్టీరియాకూ చికిత్సా వైఫల్యానికీ మధ్య 'అన్వయం' లభించినంత సులభంగా 'వ్యతిరేకం' లభించలేదని ప్రతిపాదించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: సంతానలేమి, ఐ.వి.ఎఫ్., లాక్టోబాసిల్లస్, గర్భాశయం, అన్వయ వ్యతిరేకాలు, వైద్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం:

సంతానం లేని స్త్రీని సూచించడానికి తెలుగులో 'గొడ్రాలు' అన్న మాట ఉంది. సంస్కృతం నుంచి వచ్చిన 'వంధ్య' ఉంది. ఈనని పశువును 'గొడ్డు' అనే వాడుకతో మొదటి మాటకు చుట్టరికం ఉంది. సంతానం లేని పురుషుణ్ణి సూచించడానికి జనవ్యవహారంలో ఇంత బలంగా నాటుకున్న మాట కనిపించదు. అంటే వైద్యుడు పరీక్షించకముందే భాష తీర్పు చెప్పింది. లోపాన్ని ఒకరి శరీరానికే ఆపాదించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం వయోజనుల్లో దాదాపు 17.5 శాతం మంది, అంటే సుమారు ప్రతి ఆరుగురిలో ఒకరు, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారు. ఇంత విస్తృతమైన సమస్యకు కారణాన్ని ఎక్కడ వెదుకుతున్నారన్నది శాస్త్రచర్చ మాత్రమే కాదు. ఆ నింద ఎవరు మోయాలి, ఆ ఖర్చు ఎవరు భరించాలి అన్న ప్రశ్నలు కూడా అందులో ఇమిడి ఉన్నాయి.

కారణాన్ని నిర్ణయించడానికి భారతీయ తర్కశాస్త్రం అన్వయ వ్యతిరేకాలను సాధనంగా స్వీకరించింది. ఒకటి ఉన్నచోట మరొకటి ఉండడం అన్వయం. మొదటిది లేనిచోట రెండవదీ లేకపోవడం వ్యతిరేకం. అన్వయం ఒక్కటే దొరికితే అది కాకతాళీయం కావచ్చు. కాకి వాలడమూ తాటిపండు రాలడమూ ఒకే క్షణంలో జరిగినంత మాత్రాన కాకి బరువుకే పండు రాలిందనలేము. పునరుత్పత్తి మార్గంలోని బాక్టీరియా గురించి నూట యాభై ఏళ్లుగా సాగిన పరిశోధనను అర్థం చేసుకోవడానికి ఈ విభజన బాగా ఉపకరిస్తుంది.

2. శత్రువుగా బాక్టీరియా:

ఈ చరిత్రలో తొలి ముఖ్యఘట్టం 1872. న్యూయార్కులో వైద్యవృత్తి చేసిన జర్మన్ స్త్రీవ్యాధి నిపుణుడు ఎమిల్ నోగెరాత్ ఆ ఏడాది దాగి ఉన్న గనేరియా గురించి ఒక గ్రంథం వెలువరించాడు. భర్తకు పెళ్లికి ముందు సోకి, నయమైందని భావించిన గనేరియా అతని శరీరంలో దాగి ఉండి భార్యకు సంక్రమిస్తుందనీ, ఆమె సంతానలేమికి అదే కారణమవుతోందనీ అతడు వాదించాడు. నాటి వైద్యులలో చాలామంది ఈ వాదాన్ని తోసిపుచ్చారు. అప్పటికి ఆ వ్యాధిని కలిగించే సూక్ష్మజీవిని ఎవరూ చూడలేదు. గౌరవనీయులైన గృహస్థులపై నేరం మోపే వాదం కావడం కూడా దానికి ఆదరణ దక్కకపోవడానికి దోహదం చేసింది. ఏడేళ్ల తరువాత, 1879లో, ఆల్బర్ట్ నైసర్ ఆ సూక్ష్మజీవిని గుర్తించాడు. నోగెరాత్ లెక్కల్లో అతిశయం ఉన్నా, అతని మూలవాదం నిలబడింది.

1882 మార్చి 24న రాబర్ట్ కోచ్ క్షయ బాక్టీరియాను లోకానికి ప్రకటించాడు. క్షయ ఊపిరితిత్తులకే పరిమితం కాదు. రక్తం ద్వారా జననాంగాలకు చేరినప్పుడు తరచుగా అండవాహికలే ముందు దెబ్బతింటాయి. అనేక సందర్భాల్లో గర్భాశయపు లోపలిపొర కూడా దెబ్బతింటుంది. భారతదేశంలో సంతానలేమికి జననాంగ క్షయ నేటికీ ఒక ముఖ్యకారణం. ఇందులోని చిక్కు నిర్ధారణలో ఉంది. జననాంగ క్షయలో బాక్టీరియా సంఖ్య చాలా స్వల్పం. అందువల్ల సూక్ష్మదర్శినికీ సాగు పరీక్షకూ అది తరచుగా దొరకదు. అతి స్వల్పమైన జన్యుపదార్థాన్ని కూడా పట్టగల పి.సి.ఆర్. పరీక్ష వచ్చాక మరో చిక్కు ఏర్పడింది. ఆ పరీక్ష ఒక్కదానిలో ఫలితం వచ్చినంత మాత్రాన వ్యాధి ఉన్నట్లేనా, నెలల తరబడి క్షయ మందులు వాడవలసిందేనా అన్న వివాదం మొదలైంది. ఒక సూక్ష్మజీవి జాడ దొరకడమూ, అది వ్యాధిని కలిగిస్తున్నదని తేలడమూ వేర్వేరని ఈ దేశపు వైద్యులు ఈ అనుభవం ద్వారా గ్రహించారు.

మూడవది క్లమీడియా. 1957లో చైనా శాస్త్రవేత్త టాంగ్ ఫైఫాన్ ట్రకోమా అనే కంటిజబ్బుకు మూలమైన క్లమీడియా జీవిని కోడిగుడ్డు పచ్చసొన సంచిలో పెంచగలిగాడు. ఆ తరువాత కొద్దికాలానికే అదే జాతి జీవి స్త్రీల గర్భాశయ ముఖద్వారంలోనూ ఉందని బ్రిటన్ పరిశోధకులు చూపారు. పెద్ద లక్షణాలేవీ లేకుండానే అండవాహికలను మచ్చలు కట్టించడం దాని స్వభావం. స్వీడన్‌లోని లుండ్ నగరంలో లార్స్ వెస్ట్రోమ్ బృందం కటివాపు వ్యాధికి గురైన స్త్రీలను దీర్ఘకాలం గమనించి 1992లో ఫలితాలు ప్రకటించింది. ఒకసారి వ్యాధి వచ్చినవారిలో 8 శాతం, రెండుసార్లు వచ్చినవారిలో 19.5 శాతం, మూడు లేదా అంతకు మించి వచ్చినవారిలో 40 శాతం మంది అండవాహికలు దెబ్బతిని సంతానలేమికి లోనయ్యారు. వ్యాధి ఆవృత్తి పెరిగేకొద్దీ ఫలితం పెరగడం, అసలు వ్యాధే లేనివారిలో ఆ స్థితి కనిపించకపోవడం ఇక్కడ విశేషం. అన్వయ వ్యతిరేకాలు రెండూ కుదిరిన ఉదాహరణ ఇది.

అయితే ఈ మూడు వ్యాధుల్లోనూ బాక్టీరియా పాత్ర నిమిత్తకారణం వంటిది. కుండ తయారయ్యాక కుమ్మరి వెళ్లిపోయినా కుండ మిగులుతుంది. అదేవిధంగా మందులతో బాక్టీరియా నశించినా మూసుకుపోయిన నాళం తిరిగి తెరచుకోదు. ఈ లక్షణమే తరువాతి కాలంలో ఐ.వి.ఎఫ్. అవసరాన్ని సృష్టించింది.

3. రక్షకురాలిగా బాక్టీరియా:

శత్రుభావన బలపడుతున్న కాలంలోనే దానికి భిన్నమైన పరిశీలన కూడా వెలువడింది. జర్మన్ ప్రసూతి వైద్యుడు ఆల్బర్ట్ డోడర్‌లైన్ 1892లో ఆరోగ్యవంతులైన స్త్రీల యోనిస్రావంలో కడ్డీ ఆకారంలోని బాక్టీరియాను వర్ణించాడు. అవి లాక్టిక్ ఆమ్లాన్ని ఉత్పత్తి చేస్తాయనీ, ఆ ఆమ్లం హానికర జీవుల పెరుగుదలను అడ్డుకుంటుందనీ వివరించాడు. నేడు లాక్టోబాసిల్లస్ అని పిలిచే ప్రజాతికి చెందిన జీవులివి. పాలను పెరుగుగా తోడుపెట్టే జీవులకు ఇవి దాయాదులు. ఈస్ట్రోజెన్ ప్రభావంతో యోనిపొరలో గ్లైకోజెన్ నిలవ చేరుతుంది. అది విచ్ఛిన్నమై వచ్చే చక్కెరలను లాక్టోబాసిల్లస్ పులియబెట్టి ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం వల్ల యోనిలోని పి.హెచ్. సాధారణంగా 4.5 కన్నా తక్కువగా ఉంటుంది. స్త్రీశరీరమూ బాక్టీరియా ఒకదానిపై ఒకటి ఆధారపడిన వ్యవస్థ ఇది.

ఇదే కాలంలో గర్భాశయం గురించి మాత్రం పూర్తిగా వేరైన అభిప్రాయం స్థిరపడింది. 1900 ప్రాంతంలో పారిస్‌లోని పాశ్చర్ సంస్థకు చెందిన హెన్రీ టిసియే శిశువుల పేగులోని బాక్టీరియాపై పరిశోధించాడు. గర్భంలోని శిశువు సూక్ష్మజీవులు లేని పరిసరంలో పెరుగుతుందన్న సిద్ధాంతానికి అతని పేరు ముడిపడింది. యోని జనావాసం, గర్భాశయం నిర్జనం అన్న ఈ విభజన దాదాపు ఒక శతాబ్దం పాటు పాఠ్యగ్రంథాల్లో కొనసాగింది.

ఒక సూక్ష్మజీవికి ఒక వ్యాధి అన్న సూత్రం యోని విషయంలో సరిపోదని తెలియజేసిన ఘట్టం 1955 నాటిది. అమెరికాలోని హ్యూస్టన్‌లో హెర్మన్ గార్డ్‌నర్, చార్లెస్ డ్యూక్స్ అసాధారణ యోనిస్రావానికి కారణమని ఒక బాక్టీరియాను వేరుచేశారు. 1980లో దానికి గార్డ్‌నెరెల్లా అన్న పేరు స్థిరపడింది. వారు ఆరోగ్యవంతులైన స్త్రీలపై చేసిన ప్రయోగాలు నేటి నైతిక ప్రమాణాలకు నిలిచేవి కావు. ఫలితాలు మాత్రం ఆలోచింపజేస్తాయి. రోగుల స్రావాన్ని యథాతథంగా చేర్చినప్పుడు 15 మందిలో 11 మందికి వ్యాధి వచ్చింది. వేరుచేసి పెంచిన బాక్టీరియాను మాత్రమే చేర్చినప్పుడు 13 మందిలో ఒక్కరికే వచ్చింది. దోషం ఏ ఒక్క జీవిదో కాదు, సమూహపు పొందికలో ఉందని ఈ అంకెలు సూచించాయి. 1983లో ఆమ్సెల్ ప్రతిపాదించిన లక్షణాలు, 1991లో నూజెంట్ రూపొందించిన 0 నుంచి 10 వరకు గల కొలమానం ఈ సమూహదృష్టిని వైద్యశాలలోకి తెచ్చాయి. లాక్టోబాసిల్లస్ తగ్గి ఇతర జీవులు పెరిగే ఈ స్థితిని బాక్టీరియల్ వెజైనోసిస్ అంటారు.

4. ఐ.వి.ఎఫ్. యుగం - మాలిన్యంగా బాక్టీరియా:

1978 జులై 25న ఇంగ్లండులోని ఓల్డ్‌హామ్‌లో లూయీ బ్రౌన్ జన్మించింది. ఆమె తల్లి లెస్లీ బ్రౌన్ అండవాహికలు మూసుకుపోయాయి. ప్యాట్రిక్ స్టెప్టో, రాబర్ట్ ఎడ్వర్డ్స్, జీన్ పర్డీ ఆ నాళాలను తెరిచే ప్రయత్నాన్ని విడిచి, వాటిని దాటిపోయే మార్గాన్ని కనుగొన్నారు. అదే సంవత్సరం అక్టోబరు 3న కలకత్తాలో సుభాష్ ముఖోపాధ్యాయ్ కృషితో దుర్గ జన్మించింది. ఆయన జీవించి ఉండగా ఆ కృషికి గుర్తింపు దక్కలేదు. 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు. 1986 ఆగస్టు 6న ముంబయిలో ఇందిరా హిందూజా, టి.సి. ఆనంద్‌కుమార్ బృందం కృషితో హర్ష జన్మించింది. ఆనంద్‌కుమార్ స్వయంగా ముఖోపాధ్యాయ్ పత్రాలను పరిశీలించి, ఆయన ప్రథముడని తరువాత ప్రకటించడం భారతీయ విజ్ఞానచరిత్రలో స్మరించదగిన విషయం.

బాక్టీరియా మిగిల్చిన మచ్చలను దాటడానికి కూడా ఐ.వి.ఎఫ్. మార్గం చూపింది. కానీ ఆ మార్గంలోనే బాక్టీరియా మళ్లీ ఎదురైంది. ప్రయోగశాలలో పెంచిన పిండాన్ని సన్నని గొట్టం ద్వారా యోని, గర్భాశయ ముఖద్వారం మీదుగా గర్భాశయంలోకి చేర్చాలి. ఆ గొట్టపు కొనకు అంటిన జీవులు పిండంతోపాటు లోపలికి వెళ్లవచ్చు. 1990వ దశకంలో కువైట్‌లోనూ ఫ్రాన్స్‌లోనూ పరిశోధకులు బదిలీ సమయంలో సేకరించిన నమూనాలను, బదిలీ గొట్టపు కొనలను సాగుచేసి చూశారు. ఫ్రాన్స్‌లో రెనాటో ఫాన్షిన్ బృందం 279 చికిత్సాచక్రాలను పరిశీలించి 1998లో ఫలితాలు ప్రచురించింది. బాక్టీరియా పెరిగిన సందర్భాల్లో గర్భధారణ 24 శాతం. పెరగని సందర్భాల్లో 37 శాతం. అన్వయం స్పష్టంగా కనిపించింది.

అయితే బాక్టీరియాను తొలగిస్తే ఫలితం మెరుగుపడాలి. బ్రిటన్‌లో 350 మంది స్త్రీలను యాదృచ్ఛికంగా రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గానికి పిండ బదిలీకి ముందు అమాక్సిసిలిన్ - క్లావ్యులనేట్ యాంటీబయాటిక్ ఇచ్చారు. 2006లో ప్రచురితమైన ఈ పరీక్షలో మందు తన పని తాను చేసింది. గొట్టపు కొనపై బాక్టీరియా తగ్గింది. గర్భధారణ మాత్రం ఒక వర్గంలో 36 శాతం, రెండవ వర్గంలో 35.5 శాతం. ఇక్కడ వ్యతిరేకం కుదరలేదు.

ఈ ఫలితానికి రెండు వ్యాఖ్యానాలు సాధ్యం. గొట్టపు కొనపై దొరికిన బాక్టీరియా అసలు కారణం కాకపోవచ్చు. మరో అంతర్గత స్థితికి బయటి చిహ్నం మాత్రమే కావచ్చు. లేదా యాంటీబయాటిక్ హానికర జీవులతోపాటు రక్షక జీవులను కూడా నిర్మూలించి ఉండవచ్చు. డోడర్‌లైన్ పరిశీలనను గుర్తుంచుకుంటే రెండవ వ్యాఖ్యానానికీ బలం ఉంది.

5. జన్యుపఠన యుగం - సూచికగా బాక్టీరియా:

ప్రయోగశాలలో పెరగని జీవులను సాగు పద్ధతి చూడలేదు. 1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోజోమ్ ఆర్.ఎన్.ఏ. ఆధారంగా జీవుల వంశావళిని నిర్మించారు. అదే సూత్రంతో ఒక నమూనాలోని బాక్టీరియా జాతులను పెంచకుండానే గుర్తించడం క్రమంగా సాధ్యమైంది. 2007లో అమెరికా మానవ సూక్ష్మజీవావరణ ప్రాజెక్టును ప్రారంభించింది. 2011లో జాక్ రావెల్ బృందం వ్యాధిలక్షణాలు లేని 396 మంది ఉత్తర అమెరికా స్త్రీల యోని బాక్టీరియాను ఐదు సమూహాలుగా వర్గీకరించింది. నాలుగింటిలో ఏదో ఒక లాక్టోబాసిల్లస్ జాతి ఆధిక్యం వహించగా, ఐదవది పలు జాతుల మిశ్రమం. లాక్టోబాసిల్లస్ ఆధిక్యం శ్వేతజాతి స్త్రీలలో 89.7 శాతం, ఆసియా మూలాల స్త్రీలలో 80.2 శాతం, నల్లజాతి స్త్రీలలో 61.9 శాతం, హిస్పానిక్ స్త్రీలలో 59.6 శాతం మందిలో కనిపించింది. వీరంతా ఆరోగ్యవంతులే. కనుక లాక్టోబాసిల్లస్ ఆధిక్యాన్నే ఆరోగ్యానికి ఏకైక కొలబద్దగా తీసుకుంటే, ఆరోగ్యవంతులైన అనేకమంది స్త్రీలు రోగులుగా లెక్కకు వస్తారు. ఒక దేశంలో ఏర్పరచిన కొలబద్దను మరో దేశపు స్త్రీలకు యథాతథంగా వర్తింపజేసే ముందు ఈ విషయాన్ని గమనించవలసి ఉంది.

గర్భాశయం నిర్జనమన్న సిద్ధాంతం కూడా ఈ దశలోనే సడలింది. 2015లో కరోలిన్ మిచెల్ బృందం శస్త్రచికిత్సలో తొలగించిన 58 మంది స్త్రీల గర్భాశయాలను పరిశీలించగా 95 శాతం నమూనాల్లో బాక్టీరియా జన్యుజాడ కనిపించింది. అయితే పరిమాణం యోనిలో ఉన్నదానికన్నా వంద నుంచి పదివేల రెట్లు తక్కువ. ఇంత స్వల్పమైన నమూనాలతో వ్యవహరించినప్పుడు ప్రయోగశాల రసాయనాల్లోని బాక్టీరియా అవశేషాలే నమూనాలోవిగా భ్రమింపజేయవచ్చు. ఈ ప్రమాదం ఊహాజనితం కాదు. మాయలో బాక్టీరియా సమూహం ఉందని 2014లో ప్రకటితమైన పరిశోధన ఎంతో ప్రచారం పొందింది. 2019లో 537 మంది స్త్రీల మాయలను కట్టుదిట్టంగా పరిశీలించిన మరో పరిశోధన అక్కడ అటువంటి సమూహానికి ఆధారం లేదని, కనిపించిన జాడల్లో అధికభాగం కాలుష్యమేనని తేల్చింది. గర్భాశయ విషయంలోనూ తీర్పు చెప్పడానికి ఇంతటి జాగ్రత్త అవసరం.

సంతాన సాఫల్య చికిత్సకు నేరుగా సంబంధించిన ప్రసిద్ధ పరిశోధన 2016 నాటిది. స్పెయిన్‌కు చెందిన ఇన్మాకులాడా మొరెనో, కార్లోస్ సిమోన్ బృందం ఐ.వి.ఎఫ్. చేయించుకుంటున్న స్త్రీల గర్భాశయ ద్రవాన్ని పరీక్షించింది. లాక్టోబాసిల్లస్ 90 శాతానికి మించి ఉన్నవారిలో సజీవ ప్రసవాలు 58.8 శాతం, అంతకు తక్కువ ఉన్నవారిలో 6.7 శాతం. శాతాలు చూస్తే తేడా ఆశ్చర్యం గొలుపుతుంది. సంఖ్యలుగా చూస్తే అవి 17 మందిలో పది, 15 మందిలో ఒకటి. ఇది ప్రాథమిక పరిశోధన అని పరిశోధకులే చెప్పుకున్నారు. 342 మందితో పలు దేశాల్లో నిర్వహించి 2022లో ప్రచురించిన తరువాతి పరిశోధనలోనూ సజీవ ప్రసవాలతో లాక్టోబాసిల్లస్, వైఫల్యాలతో గార్డ్‌నెరెల్లా, స్ట్రెప్టోకాకస్ వంటివి కలిసి కనిపించాయి. అన్వయం మరింత దృఢపడింది. ఈ మధ్యకాలంలోనే గర్భాశయ బాక్టీరియా పరీక్షలు విపణిలోకి కూడా వచ్చాయి.

6. వ్యతిరేక పరీక్ష - ఇటీవలి ఫలితాలు:

డెన్మార్క్‌లో థోర్ హార్ బృందం 2016లో వెలువరించిన పరిశోధనలో చికిత్స పూర్తిచేసుకున్న 84 మందిలో 35 శాతం గర్భం ధరించారు. యోని బాక్టీరియా అసాధారణంగా ఉన్న 22 మందిలో మాత్రం ఇద్దరే. ఈ బృందం అక్కడితో ఆగలేదు. తమ అన్వయాన్ని తామే వ్యతిరేకంతో పరీక్షించడానికి పూనుకుంది. అసాధారణ స్థితి ఉన్న 338 మందిని యాదృచ్ఛికంగా మూడు వర్గాలుగా విభజించారు. ఒక వర్గానికి క్లిండమైసిన్ యాంటీబయాటిక్, ఆపై సజీవ లాక్టోబాసిల్లస్. రెండవ వర్గానికి క్లిండమైసిన్ మాత్రమే. మూడవ వర్గానికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. ఎవరు ఏ వర్గమో రోగికీ వైద్యుడికీ తెలియదు. 2025లో వెలువడిన ఫలితాల ప్రకారం చికిత్స పొందిన వర్గాల్లో గర్భధారణ మెరుగుపడలేదు.

దీనివల్ల బాక్టీరియాకు సంబంధమే లేదని తేల్చడం తొందరపాటు. ఉన్న జీవులను తొలగించి కొత్త జీవులను చేర్చినంత మాత్రాన సమూహం స్థిరపడదు. అప్పటికే గర్భాశయపొరలో ఏర్పడిన వాపు కూడా వెంటనే శమించకపోవచ్చు. కుమ్మరి వెళ్లినా కుండ మిగులుతుందన్న న్యాయం ఇక్కడా వర్తించవచ్చు. ఏమైనా, పరీక్షలో కనిపించిన లోపాన్ని మందుతో సరిచేస్తే గర్భం నిలుస్తుందన్న హామీకి ఈ ఫలితాలు ఆధారం ఇవ్వవు.

అదే 2025లో ఆస్ట్రేలియా నుంచి వెలువడిన మరో పరీక్ష చరిత్రను 1872తో కలిపింది. బాక్టీరియల్ వెజైనోసిస్‌కు మందులు వాడినా చాలామంది స్త్రీలకు అది తిరగబెడుతుంది. 164 జంటలతో జరిపిన ఈ పరీక్షలో ఒక వర్గంలో స్త్రీకి మాత్రమే చికిత్స చేశారు; మరో వర్గంలో భర్త లేదా సహచరుడికి కూడా మాత్రలు, పైపూత మందు ఇచ్చారు. స్త్రీకి మాత్రమే చికిత్స చేసినప్పుడు 63 శాతం మందికి వ్యాధి తిరగబెట్టింది. ఇద్దరికీ చేసినప్పుడు 35 శాతం మందికే తిరగబెట్టింది. ఇది సంతాన సాఫల్యాన్ని కొలిచిన పరీక్ష కాదు. అయినా 'ఆమె' బాక్టీరియా అని ఇంతకాలం పిలిచింది నిజానికి ఇద్దరి మధ్య చలించే సమూహమని అది నిరూపించింది. నోగెరాత్ చెప్పిన వ్యాధి వేరు. అతడు వేలు చూపిన దిక్కు మాత్రం ఇదే.

7. ముగింపు:

గనేరియా, క్షయ, క్లమీడియా విషయంలో బాక్టీరియా కారణత్వం స్థిరపడింది. ఆ వ్యాధులను సకాలంలో గుర్తించి నయంచేయడం సంతానలేమిని నివారించే మార్గమని చరిత్ర రుజువు చేసింది. లాక్టోబాసిల్లస్ ఆధిక్యానికీ ఐ.వి.ఎఫ్. సాఫల్యానికీ మధ్య అన్వయం పలు పరిశోధనల్లో లభించింది. వ్యతిరేకం మాత్రం 2006లోనూ 2025లోనూ లభించలేదు. ఈ రెండు స్థితులను ఒకటిగా చూపడం శాస్త్రసమ్మతం కాదు.

ఈ తేడాకు సామాజిక ప్రాధాన్యం ఉంది. భారత పార్లమెంటు 2021లో సహాయక పునరుత్పత్తి సాంకేతికతల నియంత్రణ చట్టం చేసింది. తెలుగు రాష్ట్రాల్లోనూ సంతాన సాఫల్య కేంద్రాలు మహానగరం దాటి విస్తరించాయి. అప్పుచేసి చికిత్సకు వచ్చే దంపతుల చేతికి బాక్టీరియా శాతాలతో కూడిన ఒక నివేదిక అందినప్పుడు, అది ఒక సూచిక మాత్రమేనా, సరిచేయదగిన కారణమా అన్నది వారికి స్పష్టంగా తెలియాలి. లేకపోతే 'గొడ్రాలు' అన్న పాతమాట స్థానంలో 'గర్భాశయంలో మంచి బాక్టీరియా లేని స్త్రీ' అన్న కొత్తమాట చేరుతుంది. నింద ఉన్నచోటనే ఉండిపోతుంది. భారతీయ స్త్రీల ఆరోగ్యస్థితిని ఆధారంగా చేసుకున్న కొలబద్దలు రూపొందించడం, పరీక్షలోనూ చికిత్సలోనూ పురుషుణ్ణి భాగస్వామిని చేయడం, అన్వయంతో తృప్తిపడక వ్యతిరేకాన్ని కోరడం భావిపరిశోధన ముందున్న కర్తవ్యాలు.